వినువారు, వినిపించువారు

బోధను పట్టణమే భారతమునందలి ఏకచక్రపురమని ఈ ప్రాంతపు పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ నమ్మకము నిజమైనను కాకున్నను, ఆదిపర్వమునందలి ఆ కథలో ఆలోచింపదగిన విషయమొకటి కలదు. బకాసురునకు వంతు చొప్పున బండెడు అన్నమును, రెండు దున్నలను, ఒక మనుష్యుని పంపుచు ఆ పురజనులు ఏండ్లు గడిపిరి. వారికి కష్టము తెలియక కాదు. ఆ కష్టమును వినువారు లేక. ఒక గృహమునుండి వచ్చిన ఏడుపును కుంతీదేవి విని, కారణమడిగి తెలిసికొన్న పిమ్మటనే భీముడు కదలెను. రాక్షసుని చంపినది భీముని బాహుబలమే. ఆ బలమునకు దారి చూపినది మాత్రము ఒక తల్లి చెవి.

భారతముననే మరియొక చెవి కలదు. అంధుడైన ధృతరాష్ట్రుడు కురుక్షేత్ర సంగ్రామమును సంజయుని నోట వినెను. విన్నది ఒక్క నోటనే యైనను, ఆ రాజునకు మధ్యలో ఆపి ప్రశ్నించు వీలుండెను. సంజయునకు రాజు మనస్సు నొచ్చినను ఉన్నమాట చెప్పు ధైర్యముండెను. ఈ రెండును లేనిచో ఆ వినికిడికి విలువ యుండదు.

పత్రిక, రేడియో, టెలివిజను అను మూడు సాధనములు మన కాలపు సంజయులు. ఒక దేశమున ప్రజాస్వామ్యము ఎంత లోతుగా వేరు పారెనో తెలిసికొనుటకు ఒక్క ప్రశ్న చాలును: వినువానికి తిరిగి పలుకుటకు హక్కును తావును కలవా? ఈ ప్రశ్నను చేతబట్టి ముందు మన తెలంగాణ చరిత్రను, పిదప మనవారు చెరకుతోటల కూలికై సముద్రము దాటి పోయిన దక్షిణాఫ్రికా చరిత్రను పరిశీలించిన, రెండుచోట్లను ఒకే పాఠము కనబడును.

దండోరా నాడు

పూర్వము పల్లెకు వార్త దండోరాతో వచ్చెడిది. శిస్తు గడువు, దొరవారి రాక, సంత మార్పు, ఇవియే వార్తలు. డప్పు మ్రోగును, చాటింపువాడు చెప్పును, జనులు విందురు. వారు తిరిగి చెప్పుకొన్న మాట గడీ గుమ్మము దాటి లోనికి పోవుట అరుదు.

నిజాం రాజ్యమున పాలకుల భాష ఉర్దూ, ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సంఘ సంస్కరణ సభయందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచినపుడు కొందరు అల్లరి చేసి మాటలాడనీయరైరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. నోరు తెరచినవానిని వాని భాషనుబట్టి కూర్చుండబెట్టుట ఎంతటి అన్యాయమో నాటివారు ఆ విధముగా గ్రహించిరి. తరువాత గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు ప్రకారము సభ జరుపుటకు ప్రభుత్వపు అనుమతి కావలసి వచ్చెను. మాట పుట్టుటకు ముందే దానికి సంకెల సిద్ధమయ్యెను.

అచ్చు అక్షరము

ఇట్టి దినములలో అచ్చు అక్షరము ప్రజల నోరైనది. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తినుండి తెనుగు పత్రిక వెలువడినవి. 1926 మే 10వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక ఆరంభమయ్యెను. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాయగా, దానికి కోపపు మాటలతో గాక 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించి రెడ్డిగారు బదులు చెప్పిరి. లెక్కకు లెక్క చూపిన ఇట్టి జవాబు పత్రికాచరిత్రలో అరుదు.

1937లో ఆరవ ఆంధ్ర మహాసభ మన నిజామాబాదునందే జరిగెను. అధ్యక్షులు మందుముల నరసింగరావుగారు. వారు రయ్యత్ అను ఉర్దూ పత్రికను నడిపినవారు. రయ్యత్ అనగా రైతు. పాలకుల భాషలోనే రైతు పేరున పత్రిక నడుపుట, వినవలసినవానికి అర్థమగు భాషలో కష్టము చెప్పుట యగును. తెలుగు పత్రికలు ప్రజలను మేల్కొల్పగా, ఇట్టి ఉర్దూ పత్రికలు పాలకుల గుమ్మము తట్టినవి.

ఆనాటి గ్రంథాలయోద్యమమును ఈ సందర్భమున మరువరాదు. 1901లో హైదరాబాదునందు స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయముతో ఆరంభమైన ఉద్యమము పల్లెపల్లెకు ప్రాకెను. వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను 1938లో స్థాపించి, పుస్తకముల గంపను నెత్తినెత్తుకొని ఊరూర తిరిగి అమ్మిరి. వారును దాశరథి కృష్ణమాచార్యులుగారును నిజామాబాదు కోటలోని జైలునందు బంధింపబడినపుడు, కాగితము కలము లేని ఆ చోట దాశరథిగారు బొగ్గుతో జైలు గోడపై పద్యము వ్రాసిరి. పత్రికను ఆపవచ్చును, ముద్రణాలయమునకు తాళము వేయవచ్చును. గోడను మాత్రము చెరసాలనుండి తొలగింప వీలుకాదు గదా!

ఈ పోరాటమున ప్రాణమిచ్చిన పత్రికా సంపాదకుడొకడు కలడు. ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికను నడిపిన షోయబుల్లాఖాను, హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరవలెనని నిర్భయముగా వ్రాసెను. 1948 ఆగస్టు 21 రాత్రి రజాకారులు ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు. నెల తిరుగకముందే, సెప్టెంబరు 17న సంస్థానము లొంగిపోయెను.

గాలిలోని మాట

ఆ లొంగుబాటు వార్తను హైదరాబాదు ప్రజలు విన్నది రేడియోలో. 1935లో నిజాం ప్రభుత్వము చేపట్టిన దక్కను రేడియో అంతకుముందు ప్రభువుల మాటనే వినిపించుచుండెను. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసెను. యజమాని మారెను, రేడియో మాత్రము ప్రభుత్వము చేతిలోనే నిలిచెను.

అయినను ఆకాశవాణి చేసిన మంచి ప్రయత్నమొకటి చెప్పుకొనదగినది. 1956లో పూనా ప్రాంతమునందలి 150 గ్రామములలో రేడియో గ్రామసభలు ఏర్పరచిరి. రైతులు గుమిగూడి కార్యక్రమము విని, తమలో తాము చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాయుదురు. తరువాతి ప్రసారములో వానికి సమాధానములు వచ్చును. 1959 నుండి ఈ పద్ధతి ఇతర ప్రాంతములకును వ్యాపించెను. ఇచట వినువాడు ఊరకుండలేదు, అడిగినాడు. ప్రజాస్వామ్యమున రేడియో ఎట్లుండవలెనో దానికి ఇదియొక నమూనా.

టెలివిజను మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనను, తెలుగు పల్లెలు దానిని చూచినది 1975లో. అమెరికా వారి ఉపగ్రహము సాయమున 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఒక ప్రయోగము జరిగెను. ఆంధ్రప్రదేశముతో కలిపి ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములలో టెలివిజను పెట్టెలు నెలకొల్పిరి. ఉదయమున బడిపిల్లలకు పాఠములు, సాయంకాలమున పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, వినోదము. పట్టణములకంటె ముందు పల్లెలకు ఒక క్రొత్త యంత్రము వచ్చుట ఈ దేశమున అరుదైన సంగతి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము తరువాత 1977 అక్టోబరు 23న ఆరంభమయ్యెను.

అయితే ఆ కాలము గమనింపదగినది. 1975 జూన్ 25న దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. పత్రికలలో అచ్చగు ప్రతి వార్తను ముందుగా ప్రభుత్వపు అధికారులు పరీక్షించుచుండిరి. అనగా తెలుగు పల్లెకు కన్ను తెరచిన సంవత్సరముననే దేశపు నోరు మూయబడెను. ఎరువు వేయు విధము ఆ పెట్టె చక్కగా నేర్పెను. జైలులో నున్నవారెవరో, ఏల నున్నారో చెప్పలేదు. చూపబడినది అబద్ధము కాకపోవచ్చును. చూపక దాచినదే అచట దోషము. సాధనము గొప్పదైనంత మాత్రమున ప్రజలకు వెలుగు రాదని 1977 మార్చిలో ఆ పరిస్థితి తొలగువరకు దేశము అనుభవపూర్వకముగా తెలిసికొనెను.

చెరకు నాటిన చేతులు

ఇపుడు దక్షిణాఫ్రికా సంగతి. బోధను రైతునకు చెరకుతో గల సంబంధము చెప్పనక్కరలేదు. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఈ ప్రాంతమునకు అన్నము పెట్టెను. అంతకు చాల ముందే చెరకు మరికొందరు తెలుగువారిని సముద్రము దాటించెను. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవునకు చేర్చెను. 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు అట్లు ఒప్పందపు కూలీలుగా పోయి అచటి చెరకుతోటలలో శ్రమించిరి. వారిలో తమిళులతోపాటు తెలుగువారును అనేకులు. తమ భాషను నిలుపుకొనుటకై వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను అచట స్థాపించుకొనిరి. మన ఆంధ్ర మహాసభ జోగిపేటలో మొదటిసారి కూడిన మరుసటి యేడే, సముద్రమునకావల అదే పేరున మరియొక సభ వెలయుట విశేషము.

వారి కష్టములు చెప్పుటకు 1903లో గాంధీగారి ప్రోత్సాహముతో ఇండియన్ ఒపీనియన్ అను పత్రిక వెలువడెను. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళము అను నాలుగు భాషలలో అది ఆరంభమయ్యెను. తెలుగు వానిలో లేకుండెను. తోటలో చెరకు కొట్టు తెలుగు కూలి తన గోడును ఇతరుల భాషలో వినవలసినవాడయ్యెను.

ఆ దేశమును పాలించిన తెల్లవారి ప్రభుత్వము వర్ణభేదమును చట్టముగా చేసికొనెను. అచటి రేడియో ఆ ప్రభుత్వపు చెప్పుచేతలలో నుండెను. టెలివిజనునైతే చాలకాలము దేశములోనికి రానీయలేదు. అంత సంపద గల దేశమునకు టెలివిజను 1976 జనవరి 5 వరకు లేకుండుటకు బీదతనము కారణము కాదు, భయము కారణము. ప్రపంచమున నల్లవారును తెల్లవారును సమానముగా కూర్చుండి మాటలాడు బొమ్మలను తమ ప్రజలు చూచినచో ఏమగునో అను భయము. తీరా వచ్చిన టెలివిజను ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ భాషలలో మాత్రమే పలికెను. ఆ రెండును దేశజనాభాలో అత్యధికుల మాతృభాషలు కావు. నల్లవారి భాషలలో ప్రత్యేక ప్రసారములు ఆరేండ్ల పిదపగాని రాలేదు. భారతీయులకై 1983లో రేడియో లోటస్ ఏర్పడెను. జాతికొక గది కట్టి తలుపు వేయుటయే ఆనాటి విధానము.

టెలివిజను వచ్చిన ఆరు నెలలకే, 1976 జూన్ 16న, సొవెటో అను నల్లవారి బస్తీలో విద్యార్థులు వీధులకెక్కిరి. ఆఫ్రికాన్స్ భాషలో పాఠములు బలవంతముగా చెప్పుట వారి మొదటి అభ్యంతరము. పోలీసులు కాల్పులు జరిపిరి. అనేకులు బాలురు మరణించిరి. 1921లో హైదరాబాదు సభలో జరిగినదానికిని, సొవెటోలో జరిగినదానికిని రక్తపాతమున పోలిక లేదు. కాని మూలము ఒక్కటే: ఎవరి నోట ఎవరి భాష పలుకవలెనో పాలకుడే నిర్ణయించుట.

1994 ఏప్రిల్ 27న ఆ దేశమున వర్ణభేదము లేక అందరును ఓటువేసిరి. అంతకు పదమూడు దినముల ముందు నెల్సన్ మండేలాయు, నాటి అధ్యక్షుడు డి క్లర్కును టెలివిజనులో ఎదురెదురుగా వాదించిరి. ఇరువదియేడేండ్లు చెరలో నుండినవాడును, ఆ చెరను నడిపిన ప్రభుత్వపు అధినేతయు ఒకే తెరమీద సమానముగా మాటలాడుట ఆ దేశప్రజలకు గొప్ప పాఠము. 1996లో చేసికొన్న రాజ్యాంగమున, ప్రసారములను నియంత్రించుటకు స్వతంత్రాధికార సంస్థ యుండవలెనని వ్రాసికొనిరి. వర్ణభేదకాలపు ఘోరములపై సత్య నిర్ధారణ సంఘము జరిపిన విచారణలు రేడియోలోను టెలివిజనులోను ప్రసారమయ్యెను. కొడుకును కోల్పోయిన తల్లి తన భాషలో ఏడ్చి చెప్పగా దేశమెల్ల వినెను. ఏకచక్రపురపు ఏడుపు ఒక్క కుంతికే వినబడెను. ఇచట ఒక్కొక్క ఇల్లును కుంతి ఇల్లయ్యెను.

అంతటితో కథ సుఖాంతము కాలేదు. 2016 మే నెలలో ఆ దేశపు ప్రభుత్వరంగ ప్రసారసంస్థ, నిరసనలలో ప్రజల ఆస్తులను ధ్వంసముచేయు దృశ్యములను ఇకమీద చూపబోమని ప్రకటించెను. ఆ విధానమును ప్రశ్నించిన 8 మంది పాత్రికేయులను ఉద్యోగములనుండి తొలగించిరి. జూలైలో నియంత్రణాధికార సంస్థ ఆ విధానమును ఉపసంహరింపవలెనని ఆజ్ఞాపించెను; పాత్రికేయులలో పలువురు న్యాయస్థానము ద్వారా తిరిగి పనిలో చేరిరి. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమున్న దేశముననైనను చూపునకు కళ్లెము వేయు కోరిక పుట్టును. అచట కాపాడినవి రెండు: ముందే వ్రాసి యుంచుకొన్న చట్టము, ఉద్యోగము పోయినను అడిగిన మనుష్యులు. ఒకటి లేక రెండవది నిలువజాలదు.

బొమ్మల పెట్టె ఇంటింటికి

మన దేశమునను ఇట్టి మలుపు 1995 ఫిబ్రవరి 9న వచ్చెను. క్రికెట్ పోటీల ప్రసారమును గూర్చిన తగవులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఆకాశమున ప్రయాణించు ప్రసారతరంగములు ప్రజల సొత్తని, వానిని ప్రజాహితమునకై స్వతంత్ర సంస్థ నియంత్రింపవలెనని పలికెను. చెరువు నీరు ఊరందరిదైనట్లే గాలిలోని తరంగములును అందరివి. ఆ సంవత్సరముననే ఆగస్టు 27న ఈటీవీ తెలుగు ప్రసారములు మొదలైనవి. పిదప తెలుగు ఛానళ్ళు పెక్కులు వెలసినవి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను స్వయంప్రతిపత్తి గల సంస్థకు అప్పగించు ప్రసారభారతి చట్టము 1990లో చేయబడినను, అమలునకు వచ్చినది 1997లో.

ఒక్క సర్కారు గొంతు పోయి పలు గొంతులు వచ్చుట మేలే. తెలంగాణ పలుకుబడిలో వార్తలు చెప్పు కార్యక్రమములు వచ్చి, ఈ ప్రాంతపు మాటను వినోదమునకు గాక వార్తకు వాడుట ఆరంభమయ్యెను. 1921లో నవ్వులపాలైన నోటికి ఇది కొంత న్యాయము. కాని సర్కారు భయమునకు మారుగా వ్యాపారపు లెక్క వచ్చెను. ప్రకటనల సొమ్ముతో బ్రదుకు ఛానలునకు ప్రేక్షకుడు కొనువాడు కాడు. ఆతని చూపే అమ్మకపు సరుకు. ఏ వార్తకు ఎక్కువ కన్నులు నిలుచునో ఆ వార్తయే నిలుచును. 2015 డిసెంబరులో నిజాం చక్కెర కర్మాగారము మూతపడి, కార్మికుల జీతములు నిలిచి, చెరకు రైతు దూరపు మిల్లులను వెదకికొనవలసి వచ్చెను. ఇట్టి కష్టము ఒక దినమున తీరునది కాదు. తెరమీది వార్తకు మాత్రము ఒక దినమే ఆయుస్సు.

మారుపలుకు

అయినను వినువారు పలుకుట నేర్చిన దృష్టాంతములు మన సమీపముననే కలవు. జహీరాబాదు ప్రాంతమునందలి మాచునూరులో దక్కను అభివృద్ధి సంస్థ ఆధ్వర్యమున దళిత స్త్రీలు సంగం రేడియోను నడిపిరి. వారు ఏండ్ల తరబడి తమ మాటలను టేపులమీద పట్టి, సంఘముల యందు వినిపించుకొనుచు అనుమతికై నిరీక్షించిరి. 2008 అక్టోబరు 15న ఆ రేడియో గాలిలోనికి వచ్చెను. చిరుధాన్యములు, విత్తనములు, పండుగ పాటలు, పొలము పనులు, అన్నియు వారి నోటనే, వారి పలుకుబడిలోనే. అక్షరము రానివారు సైతము యంత్రము నడుపుట నేర్చిరి. దండోరా విన్న వంశములవారే దండోరా వేయువారైరి.

రెండవ దృష్టాంతము మన నిజామాబాదు జిల్లాదే. పసుపునకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావలెననియు, పసుపు బోర్డు కావలెననియు రైతులు 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు వద్ద రహదారిపై బైఠాయించిరి. తమ మాట చాలినంతగా వినబడలేదని తోచి, ఆ యేటి పార్లమెంటు ఎన్నికలలో 178 మంది రైతులు తామే అభ్యర్థులుగా నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185. ఒక ఓటు యూనిట్‌పై పట్టునవి 16 పేర్లే. ఎవరికిని ఓటు వేయను అను గడి కలిపి 186 గడులకు ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చెను. ఏప్రిల్ 11న దేశమంతయు నిజామాబాదు వంక చూచెను. గెలుపునకై నిలిచినవారు కారు వారు, వినబడుటకై నిలిచినవారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదు ముఖ్యస్థానముగా ఆరంభమయ్యెను. నామినేషను పత్రమునే పత్రికగా మార్చుకొన్న ఇట్టి రైతులు అరుదు.

గ్రంథాలయము చేయదగిన పని

ఇన్ని సంగతులనుండి తేలునది ఇది. పత్రిక, రేడియో, టెలివిజను, ఇపుడు ప్రతి చేతిలోని ఫోను, ఇవి ఏవియు స్వభావముచే మంచివి కావు, చెడ్డవి కావు. ఎవరి చేత నున్నవి, ఎవరి భాషలో పలుకును, వినువాడు తిరిగి అడుగగలడా అను మూడు ప్రశ్నలకు వచ్చు జవాబునుబట్టి వాని మంచిచెడ్డలు ఏర్పడును. ఫోను వచ్చినది మొదలు ప్రతివాడును చాటింపువాడే యయ్యెను. కాని చాటుటకు ముందు విచారించువారు తక్కువైరి. రశీదు చూడనిదే జమ వ్రాయనట్లు, మూలము చూడనిదే వార్తను ముందుకు పంపరాదు.

ఈ అలవాటును నేర్పుటకు పల్లెలో గ్రంథాలయమును మించిన చోటు లేదు. ఇచట ఒకే సంఘటనను రెండు మూడు పత్రికలలో ప్రక్కప్రక్కన పెట్టి చదువవచ్చును. ఒకటి చెప్పినది మరియొకటి ఏల విడిచినదో అడుగవచ్చును. పాత సంచికలు భద్రముగా నున్నచో, నిన్న ఇచ్చిన వాగ్దానమును నేడు చూపి నిలదీయవచ్చును. తెర తన మాటను మరునాటికి మరచును, బీరువా మరువదు. వారమునకొకమారు పాఠకులు కూడి, విన్న వార్తను చర్చించి, ఊరి సమస్యను సంపాదకునకో, అధికారికో, రేడియో కేంద్రమునకో జాబుగా వ్రాసి, ఆ జాబు నకలును దస్త్రమున పెట్టినచో 1956 నాటి రేడియో గ్రామసభ ఇచట మరల జీవించినట్లగును. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమున అట్టి దస్త్రము ఒకటి తెరచిన, రాబోవు ఇరువదియైదేండ్లలో అది ఈ ఊరి చరిత్రయే యగును.